మగ్గంలో చిక్కిన కొంగు

వరంగల్‌లో మా ఇంటి వెనక షెడ్డులో రెండు మరమగ్గాలున్నాయి. పదో తరగతితో చదువు ఆగిపోయినా, గ్రంథాలయంలో ప్రథమ చికిత్స పుస్తకాలన్నీ చదివి వాడలో అందరికీ సలహాలిచ్చేదాన్ని.

నిరుడు ఒక మధ్యాహ్నం మా అత్తమ్మ కొంగు నడుస్తున్న మగ్గం బెల్టులో చిక్కుకుంది. అది మెడకు బిగుస్తోంది. స్విచ్చు నా భుజం పక్కనే ఉంది. ముందు కరెంటు ఆపాలని చదివిన పేజీ కూడా కళ్లముందు కనిపించింది. కానీ నా చేయి లేవలేదు! పక్క మగ్గం దగ్గరున్న ఆడబిడ్డ వచ్చి నన్ను తోసేసి స్విచ్చు ఆపింది.

ఊపిరి తిరిగాక అత్తమ్మ, "గన్ని బుక్కులు సదివితివి, గా స్విచ్చు బంద్ చేయనీకి చెయ్యి రాలేదా బిడ్డా?" అంది.

చదివినది చేతికి కూడా నేర్పాలని ఆ రోజే తెలిసింది. ఇప్పటికీ నేను అన్నం తింటుంటే అత్తమ్మ నన్ను పరీక్షించడానికి ఉన్నట్టుండి, "కొంగు పట్టింది, ఉరుకు!" అని అరుస్తుంది. కంచం వదిలి పరుగెత్తి, ఎడమ చేత్తో స్విచ్చు ఆపేస్తాను.