నాన్న చెవికి పట్టని ఇయర్‌ఫోన్లు

చవక ఇయర్‌ఫోన్ల గురించి మా ఇంట్లో జరిగినంత చర్చ విజయవాడలో ఇంకే ఇంట్లోనూ జరిగి ఉండదు. ఒక పూట టిఫిను ఖరీదుకి దొరికే వైరు రకం, చెవి లోపలికి రబ్బరు బుడిపె దూర్చుకునేవి. కాలేజీలో పాఠాలు చెప్పి వస్తూ బీసెంటు రోడ్డులో ఆటో దిగడం, ఒక జత కొనడం, నాన్న చెవిలో పెట్టడం, చీవాట్లు తినడం. ఆ వేసవంతా నాకదే పని.

ఖరీదైనవి కొనలేక కాదు. వైరు లేనివి ముందే కొనిపెట్టాను. నాన్నకి నీటికాసుల జబ్బుతో చూపు పోయింది. ఆ చిన్న గోళీలు దుప్పటి మడతల్లోకి జారిపోయేవి. మంచమంతా తడుముకుని, దొరక్క, చివరికి నన్ను కేకేసేవాడు. చార్జింగు ఉందో లేదో చెప్పే దీపం ఆయనకి కనపడదు. "నాకు వైరున్నదే కావాలి. మెళ్ళో వేలాడుతూ ఉంటే చేతికి తగుల్తుంది" అని తేల్చేశాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాడు. ఒకసారి తేల్చాడంటే ఇక రివర్సు గేరుండదు.

ఆయన వినాలనుకున్నది వార్తలు కాదు, పాటలూ కాదు. అమ్మ గొంతు.

అమ్మ పోయాక నాన్నని మా ఇంటికి తీసుకొచ్చుకున్నాను. ఫొటోలు ఉన్నాయి గాని ఆయనకి ఫొటోలు దేనికి? అమ్మ వీడియోలు నా ఫోన్లో చాలానే ఉన్నాయి. అన్నింటిలోనూ నోరు మూసుకునే ఉంది. ఫోను పైకెత్తగానే ఫొటో అనుకుని ఊపిరి బిగబట్టి నిలబడేది. "మాట్లాడమ్మా, ఇది వీడియో" అంటే, ఆపెయ్యమని చేత్తో సైగ చేసేది. ఇంట్లో పొద్దున లేచింది మొదలు ఆ నోటికి విరామం ఉండేది కాదు. అంత మాట్లాడిన మనిషి మాట ఒక్కటంటే ఒక్కటి కూడా మాకు మిగల్లేదు. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆవిడ మీదో, ఫోను మీదో, నా మీదో తెలీదు.

మిగిలిందల్లా ఒక రికార్డింగు. చల్లపల్లి దగ్గర మా ఊరి చర్చిలో ప్రతిష్ఠ పండగ చేసినప్పుడు, హనుమాన్ జంక్షన్ నుంచి సౌండు సిస్టం అతన్ని పిలిపించి ఆరాధనంతా రికార్డు చేయించారు. ఆ రోజు నాకు పరీక్షల డ్యూటీ పడి వెళ్ళలేకపోయాను. తర్వాత పెన్‌డ్రైవులో పంపితే ఫోన్లోకి ఎక్కించుకున్నాను. అందులో కొత్తగా నేర్చుకున్న పాట ఒకటుంది. ఊరు ఊరంతా పాడింది. అందులో అమ్మ కూడా పాడింది.

మా చర్చిలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చుంటారు. మొగుడూ పెళ్ళాలు గుమ్మం దాకా కలిసొచ్చి, చెప్పులు విడిచి, చెరోవైపు చాపల మీదికి పోతారు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన తెలియక నా పక్కన చతికిలబడబోతే, వెనకనుంచి ఒక పెద్దావిడ గొడుగు కొసతో వీపు మీద పొడిచి మరీ లేపింది. సౌండు అతను కూడా అందుకు తగ్గట్టే మగవాళ్ళ ముందు ఒక మైకు, ఆడవాళ్ళ ముందు ఒక మైకు పెట్టాడు. ఇయర్‌ఫోన్లలో వింటే ఎడమ చెవిలో మగవాళ్ళు, కుడి చెవిలో ఆడవాళ్ళు. కాబట్టి అమ్మ కుడివైపు ఉంది. ఇందులో అనుమానానికి చోటేముంది?

చిక్కల్లా నాన్న చెవుల దగ్గర వచ్చింది. అన్నేళ్ళు డ్రైవరు సీట్లో కుడి చెవిని కిటికీకి అప్పగించి కూర్చోవడం వల్ల, హారన్లకీ గాలికీ ఆ చెవి మొద్దుబారింది. వినపడేది ఎడమ చెవే. నేను తెలివైనదాన్ని కదా. కుడి ఇయర్‌ఫోన్ తీసి ఆయన ఎడమ చెవిలో పెట్టేదాన్ని. ఆడవాళ్ళ పాటంతా మంచి చెవిలోకి వెళ్తుంది, అందులో అమ్మ దొరుకుతుంది. నా ఏర్పాటు నాకే ముచ్చటగా ఉండేది.

మొదటి జతలో బాసు ఎక్కువ. "డోలకు తప్ప ఏం వినపట్లేదమ్మాయ్. బానెట్ మీద కూర్చోబెట్టావు నన్ను" అన్నాడు. నేను కూడా విని చూశాను. నిజమే, దబదబమనే మోత కింద ఆడవాళ్ళ గొంతులన్నీ ఒకే ముద్దయిపోయాయి. రెండో జతలో ఆ మోత లేదు గాని, తాళాల చప్పుడు చెవిలో సూదిలా దిగింది. మూడో దాని వైరు చొక్కాకి రాసుకున్నప్పుడల్లా గరగరమంది. ఆయన మెడ తిప్పకుండా కూర్చుంటే ఫరవాలేదు. నాన్న మెడ తిప్పకుండా కూర్చోవడం ఆయన డ్యూటీలో ఉన్నప్పుడే జరిగింది.

సౌండు సంగతి అలా ఉంచితే, ఏ జతా ఆయన చెవిలో నిలిచేది కాదు. రబ్బరు బుడిపెలు చిన్నవి, మధ్యరకం, పెద్దవి, అన్నీ మార్చి చూశాను. "గుచ్చుకుంటోందే. చెవి వెనక్కి తన్నుతోంది" అనేవాడు. పక్కకి ఒత్తిగిలితే ఊడేది. సోడాబుడ్డి మూతలా అదిమి పెడితే కాసేపు ఓర్చుకుని, తనే పీకేసేవాడు. చెవి ఎర్రగా కందిపోయేది.

కొట్టు ఆయనకి నా ముఖం గుర్తుండిపోయింది. "మళ్ళీ ఏమైందండీ?"

"చెవికి పట్టట్లేదండీ. నొప్పంటున్నారు."

"పెద్దాయనకి చెవి రంధ్రాలు సన్నవేమోనండీ. పోనీ, ఇది తీసుకెళ్ళండి మేడమ్, దీని మూతి ఇంకొంచెం వంపుగా ఉంటది. చెవిలో బాగా కూర్చుంటది."

అది ఇంకా ఎక్కువ నొప్పి పెట్టింది. చవక సరుకు ఇంతేలే అని నేనూ అనుకున్నాను.

ఇవన్నీ ఓర్చుకునేవాణ్ణి, ఆ ఒక్క గొంతూ దొరికితే, అన్నట్టుండేది ఆయన వాలకం. కళ్ళు మూసుకుని వినేవాడు. తెరిచినా ఒకటే అయినా, మూసుకునేవాడు. పాట అయిపోయేది. తల అడ్డంగా ఊపేవాడు.

"నా పక్కనే కదా పాడింది. ఇంత దూరం పోయిందేంటి?"

ఆ మాట ఆయన చాలాసార్లే అన్నాడు. పోయిన మనిషి ఎప్పుడూ పక్కనే ఉన్నట్టనిపిస్తుంది కాబోలు, ఆ బాధలో అంటున్నాడనుకుని, వీపు నిమిరి, మంచినీళ్ళిచ్చి, ఊరుకునేదాన్ని. నేను కూడా ఒక్కదాన్నే బాల్కనీలో కూర్చుని ఆ కుడివైపు పాటని ఎన్నిసార్లు విన్నానో. పిన్ని గొంతు పట్టుకున్నాను. పాస్టరమ్మగారి గొంతు పట్టుకున్నాను. శ్రుతి తప్పి పైకి పోయే పక్కింటావిణ్ణి కూడా పట్టుకున్నాను. నన్ను కన్నతల్లి గొంతు మాత్రం పట్టుకోలేకపోయాను. అసలు మరిచిపోయానేమో అని భయం పట్టుకుంది. అమ్మ గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే మాటలు గుర్తొచ్చేవి గాని, వాటికి గొంతు ఉండేది కాదు. ఎడమవైపు వినాలని నాకొక్కసారి కూడా తోచలేదు. మగాళ్ళ పాటలో నాకేం పని?

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి వంటింట్లో చేపల పులుసు పెడుతున్నాను. "పాట పెట్టమ్మాయ్" అని కేకేశాడు నాన్న. చేతులనిండా చింతపండు గుజ్జు. మంచం మీద వైరు తగిలించే ఉన్న ఫోను మీద మోచేత్తో పాట నొక్కి, ఆయన ఒళ్ళోకి తోసి, "నువ్వే పెట్టుకో నాన్నా, నేను కడుక్కుని వస్తాను" అన్నాను. ఆయన మెళ్ళో వైరు తడుముకుంటూ రెండు బుడిపెల్నీ వేళ్ళతో తిప్పి తిప్పి చూడటం కనిపించింది. ఏ వంపు ఏ చెవికి సరిపోతుందో చూసుకుంటున్నాడు. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను.

కాసేపటికి ముందుగదిలోంచి మాట వినిపించింది.

"కూర్చోలేదే. నుంచునే ఉన్నాగా!"

ఎవరో వచ్చారనుకుని తొంగి చూశాను. గదిలో ఎవరూ లేరు. నాన్న మంచం దిగి నిటారుగా నిలబడి ఉన్నాడు. ఇయర్‌ఫోన్లు కుడిది కుడి చెవిలో, ఎడమది ఎడమ చెవిలో బిగుతుగా, కదలకుండా ఉన్నాయి.

"ఎవరితో నాన్నా?"

"మీ అమ్మతో" అన్నాడు. "ఇంకో చరణముంది, కూర్చోకండి అంటోంది."

తడిచేతుల్తోనే వెళ్ళి ఆయన ఎడమ చెవిలోది తీసి నా చెవిలో పెట్టుకుని, పాటని మొదటికి జరిపాను. మగవాళ్ళ బరువు గొంతులు. వాటి ముందు, మైకుకి బాగా దగ్గరగా, ఒక ఆడగొంతు. పాట తక్కువ, మాటెక్కువ. ప్రతి పాదానికీ ముందు ఆ పాదం మాటల్ని గబగబా చెబుతోంది, పాడేవాడికి అందిస్తోంది. మధ్యలో ఊపిరి తీసుకుంటోంది. "ఏవండీ, కూర్చోకండి. ఇంకో చరణముంది."

అదే గొంతు. ఒక్క మాటకే తెలిసిపోయింది. మరిచిపోయానని అంత భయపడ్డానే, పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు.

నాన్న అప్పుడు చెప్పాడు. పాత కీర్తనలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. కొత్త పాటకి పుస్తకం చూడాలి, చూపు లేదు. అందుకని పాస్టరుగారే పెద్దల్ని ఒప్పించి, ఆ పండగకి మగవాళ్ళ వైపు ముందు వరసలో రెండు కుర్చీలు వేయించి అమ్మని ఆయన పక్కన కూర్చోబెట్టారట. నలభై ఏళ్ళ కాపురంలో చర్చిలో వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చున్నది పెళ్ళి రోజు తర్వాత అదే.

"మరి నాకు చెప్పవేం నాన్నా?"

"నా పక్కనే పాడిందని రోజూ చెప్తున్నాగా!"

నిజమే. రోజూ చెప్పాడు. నేనే ఆడవాళ్ళ వైపు చాపలన్నీ వెతుక్కుంటూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది. నవ్వు కూడా వచ్చింది. పొయ్యి మీద పులుసు మాడుతున్న వాసన వచ్చినా కదల్లేదు.

ఎడమది తిరిగి ఆయన ఎడమ చెవిలో పెట్టబోతే, "నువ్వు కూడా విను" అన్నాడు. ఫోను స్పీకరులో పెడితే మళ్ళీ అందరూ ముద్దయిపోతారు. అందుకని ఎడమది ఒక పాదం ఆయనా, ఒక పాదం నేనూ మార్చుకుంటూ విన్నాం. చివరి చరణం ముందు ఆయన చెవిలో పెట్టేసి ఊరుకున్నాను. పాట ముగిసి, ఆమెన్ అయ్యి, జనం లేచే సందడి మొదలై ఉండాలి. ఇంతకుముందు నేనెప్పుడూ అక్కడిదాకా విననేలేదు, పాట అయిపోగానే ఆపేసేదాన్ని.

నాన్న ఎడమ చెయ్యి మెల్లగా ముందుకు చాచాడు. గాల్లో, అరచెయ్యి పైకి పెట్టి.

"ఏమంటోంది నాన్నా?"

"చెయ్యి పట్టుకోమంటోంది. ముందు మెట్టుందట."

ఏం చెయ్యాలో తెలియక నా చెయ్యి అందులో పెట్టాను. ఇంకా చింతపండు జిగురు ఉంది. ఆయన వేళ్ళు ఒక క్షణం ఆగి, తడిమి, ఎవరిదో తెలుసుకుని, అయినా మూసుకున్నాయి.

"మళ్ళీ పెట్టు" అన్నాడు, చెయ్యి వదలకుండానే.