కోరం అన్నదెవరు

దాహమైనవాళ్ల మొర వినే దేవునికి స్తోత్రం. అర్జీ అడగకుండా, సంతకం అడగకుండా, ఒక్క ఆడమనిషి ఒంటరిగా ఏడ్చినా వచ్చి పక్కన కూర్చునే తండ్రికి స్తోత్రం. ఆయన మంచివాడని రాయడానికి ఈ రోజు నా చెయ్యి బరువుగా ఉంది. అయినా ముందు అదే రాస్తాను. తక్కిన మాటలన్నీ దాని తర్వాతే.

మార్కాపురానికి ఆమడ దూరంలో, దోర్నాల పోయే దారికి ఎడమ పక్కనున్న ఒక పల్లెలో నేను మిషను బడి పంతులుగా ఉన్నాను. ఊరికి దూరంగా మా వాళ్ల ఇళ్లు. అందరూ ప్రభువును నమ్ముకున్నవాళ్లే. బడీ గుడీ ఒకటే గది. ఆరు రోజులు పలకలు, ఏడో రోజు ప్రార్థన. తాళంచెవి నా దగ్గరే ఉండేది.

పల్లెకు బావి లేదు. ఊరి రైతుల బావి దగ్గర మా ఆడవాళ్లు కడవలు కింద పెట్టి నిలబడితే, దయ పుట్టినవాళ్లు పైనుంచి పోసేవాళ్లు. శివరాత్రి దాటిందంటే ఆ నీళ్లు వాళ్లకే చాలేవి కావు. అప్పుడు మాకు వాగే గతి. ఇసుకలో మోకాలి లోతు చెలమ తవ్వి, ఊరిన నీటిని చిప్పతో తోడి కడవ నింపాలి. కడవ నిండేసరికి ఎండ నడినెత్తికొచ్చేది. పంతులింటికి మాత్రం పల్లెవాళ్లే వంతులు వేసుకుని రోజుకొక ఇంటినుంచి ఒక కడవ తెచ్చి అరుగు మీద పెట్టేవాళ్లు. ఎవరు పెట్టినారో కూడా మేము చూసేవాళ్లం కాదు. తెల్లారేసరికి కడవ ఉండేది.

నా భార్యది కంభం దగ్గర. పెద్ద చెరువు కింద పుట్టిపెరిగిన మనిషి. ఆమెను ఈ పల్లెకు తెచ్చినప్పుడు తాలూకా బోర్డువాళ్లు మా పల్లెకు బావి తవ్వడం మొదలుపెట్టినారు. మూడు నిలువుల లోతు పోయింది. "నీకు బిడ్డ పుట్టే లోపల బావిలో నీళ్లు పడతాయి" అని ఆమెకు చెప్పినాను. అది నేనిచ్చిన మాట.

మూడు నిలువుల కింద నల్లటి పలకరాయి తగిలింది. గడ్డపారలు వంగినాయి. మందు పెట్టి పేల్చాలి, అనుకున్న డబ్బు అయిపోయింది, బోర్డు ఇంకా అప్పు తెస్తే తప్ప పని సాగదని కంట్రాక్టరు తన మనుషుల్ని తీసుకుని పోయినాడు. అప్పుడు నేను అర్జీ రాసినాను. నాతోపాటు పల్లె అంతా వేలిముద్రలు వేసింది.

బోర్డులో రెండు పక్షాలుండేవి. రెండింటి పెద్దలూ భూస్వాములే, వరసకు బావాబామ్మర్దులే. మా బావి మొదలుపెట్టినప్పుడు ఒకాయన ప్రెసిడెంటు. ఆయన సర్కారు దగ్గర అప్పు తెచ్చినాడు. రెండో ఆయన ఆ అప్పు మీద ఊరూరా తిరిగి మాట్లాడినాడు. బోర్డును ముంచుతున్నారన్నాడు, పుట్టబోయే బిడ్డల నెత్తిన బరువు పెడుతున్నారన్నాడు. ఆ మాటలతోనే ఎన్నికల్లో గెలిచి కుర్చీ ఎక్కినాడు. ఎక్కినాక అప్పు కావాలన్నాడు. దిగినాయన, అప్పు పేరెత్తితే ఒప్పుకోనన్నాడు. ఈ సంగతి నేను చాడీగా చెప్పడం లేదు. ఇద్దరి ఉపన్యాసాలూ మార్కాపురంలో బోర్డు ఆఫీసు వరండాలోనే నిలబడి నా చెవులతో విన్నాను. మాటలు అవే, మనుషులు మారినారు, అంతే.

రెండు మీటింగుల్లో మా అర్జీ ముందుకు రాలేదు. మూడోదానికి మా సంఘపెద్ద నాతో వచ్చినాడు. అరవై దాటిన మనిషి. బావి కోసం ఉపవాసం ఉండి నడిచినాడు. నన్ను పంతులునని వరండాదాకా రానిచ్చినారు, కిటికీ పక్కన నిలబడినాను. ఆయన్ను రానివ్వలేదు. ఆవరణలో వేపచెట్టు కింద కూర్చున్నాడు.

మా బావి మాట వచ్చింది.

"దాహానికి చేసేది అప్పు కాదప్పా, పుణ్యం" అన్నాడు ప్రెసిడెంటు.

"పోయిన యేడు ఈ గదిలోనే, అప్పు చేసి బావి తవ్వితే మన బిడ్డలు ఆ బావిలోనే దూకాల అన్నదెవరు బావా?" అన్నాడు దిగిపోయినాయన.

"అప్పుడు పెన్ను నీ చేతిలో ఉండె. నీ చేతిలో పెన్నుంటే నాకు భయం."

"నీ చేతిలో ఉంటే నాకు భయం కాదా ఏంది?"

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను, నవ్వితే పని అవుతుందేమోనని. ఆ నవ్వులోనే దిగిపోయినాయన కన్ను గీటినాడు. ఆయన పక్షంవాళ్లు ఒక్కొక్కరే లేచి బయటికి నడిచినారు. ఆఖరాయన గడప దాటి, సరిగ్గా గడప అవతల నిలబడి చుట్ట ముట్టించినాడు.

"లోపలికి రా మామా. ఒక్క తల తక్కువైంది" అన్నాడు ప్రెసిడెంటు.

"లోపల ఉక్కగా ఉందిలే అల్లుడా. గాలికి నిలబడినా."

"ఆ గాలేదో లోపలికి తెచ్చుకోరాదా?"

"కోరం!" అని వరండాలోనుంచి ఎవరో కేక వేసినారు. "కోరం లేదు! కోరం!" అని ఇంకొకరు గోడ మీద చరిచినారు. మీటింగు జరగాలంటే ఇంతమంది సభ్యులు గదిలో ఉండాలని లెక్క. ఆ లెక్కకు ఇంగ్లీషువాళ్ల మాట కోరం. గుమాస్తా మా కాగితం మూసి పక్కన పెట్టినాడు.

కాసేపటికి లోపలనుంచి, మెంబర్ల ప్రయాణం ఖర్చుల సంగతి చూద్దాం రండని పిలుపు వచ్చింది. చుట్ట ఆర్పి మామ లోపలికి పోయినాడు. ఆయన వెనక తక్కినవాళ్లు. నా పక్కనున్న బోర్డు బంట్రోతు మెల్లగా అన్నాడు: "బావికి లేని తల బత్తేనికి మొలిచింది చూడు పంతులూ." నా ముఖం చూసి జాలిపడి ఒక లోటా మజ్జిగ తెచ్చి ఇచ్చినాడు. తాగినాను. వేపచెట్టు కిందనుంచి మా పెద్ద చూస్తూనే ఉన్నాడు.

నేను బయటికి రాగానే లేచి నిలబడినాడు. "ఏమైందయ్యా?"

"కోరం లేదు పెద్దయ్యా" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూసినాడు. ఆమడ దూరం ఇద్దరం మాటల్లేకుండానే నడిచినాము. ముసలాయన అలసిపోయినాడనుకున్నాను.

ఆదివారం ప్రార్థన మధ్యలో ఆయన లేచినాడు.

"అయ్యగారూ, మా బావి మాకొద్దని చెప్పే అధికారం నీకెవరిచ్చినారు?"

నాకేమీ అర్థం కాలేదు. "ఎవరన్నారు వద్దని?"

"నా చెవులు పోలేదు. బావి కావాల్నా అని లోపల అడిగినారు. కోరం, కోరం అని కేకలు పడినాయి. ఆ కిటికీ దగ్గర మన మనిషివి నువ్వొక్కడివే. మేము కోరుకోకుండానే ఇన్ని వేలిముద్రలేసినామా? పైగా వాళ్ల చేతి మజ్జిగ తాగితివి."

గదిలో గుసగుసలు లేచినాయి. నేను చెప్పినాను. అది తెలుగు మాట కాదు, ఇంగ్లీషు మాట, తలల లెక్క అని. వెనకనుంచి ఒక ఆడమనిషి అన్నది: "కోరం అంటే మాకు తెలియదా? పుట్టినప్పటినుంచి ఆడే మాటే గదా."

"చదువుకున్నోడికేమమ్మా" అన్నాడు ఇంకొకడు, "ఏ మాటకు ఏ అర్థం కావాలంటే ఆ అర్థం వస్తది."

నవ్వినారు. బోర్డు గదిలో నవ్వినట్టే నవ్వినారు. ఆ నవ్వు నాకు తగిలింది. ఆరేళ్లు వాళ్ల బిడ్డలకు అక్షరాలు నేర్పినాను, వాళ్ల చావులకు ప్రార్థన చేసినాను. "నన్ను క్షమించమని మీరు అడిగేదాకా ఈ తలుపు తీయను" అని చెప్పి, అందర్నీ బయటికి పంపి తాళం వేసినాను. ఓర్పు గురించి ఎన్ని ప్రసంగాలు చేసినానో ఆ తలుపుకు తెలుసు.

మరునాడు అరుగు మీద కడవ లేదు. ఆ మరునాడూ లేదు.

ఇంట్లో ఉన్న నీళ్లతో నా భార్య నాలుగు రోజులు నెట్టుకొచ్చింది. ఆ తర్వాత పక్కింటి ముసలామె దొంగచాటుగా చెంబెడు ఇచ్చిపోయేది. నా భార్యకు అప్పటికి ఎనిమిదో నెల.

"పోయి ఒక్క మాట మాట్లాడండి" అన్నది.

"తప్పు వాళ్లది. వాళ్లే రావాల."

"తప్పెవరిదో తేలితే దాహం తీరుతుందా?"

"నీకు తెలియదు. ఇప్పుడు వంగితే రేపు నా మాట ఎవరూ వినరు."

"వాళ్లూ ఇదే అనుకుంటా ఉంటారు" అన్నది.

రెండో ఆదివారం పల్లెవాళ్లు వచ్చి మూసిన తలుపు ముందు చూరు కింద నిలబడి పాట పాడుకుని పోయినారు. నేను ఇంట్లోనుంచి విన్నాను. పాట తప్పు రాగంలో పోతుంటే నాకు లోపల సంతోషమైంది. నేను లేకపోతే పాట కూడా రాదు గదా అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే తక్కినదంతా అబద్ధమవుతుంది. మూడో ఆదివారం ఎవరూ రాలేదు.

ఆ మరునాడు పొద్దున, బడికీ అదే తాళం గనక పిల్లలు లేరు. సరే, ఈ తీరికలో బోర్డుకు ఇంకొక అర్జీ రాద్దామని కూర్చున్నాను. ఈసారి వాళ్ల గుండెలు కరిగేట్టు రాయాలనుకున్నాను. నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని పేరు. మా పల్లెలో నిండు చూలాళ్లు సైతం మండుటెండలో కడవ చంకన పెట్టుకుని కోసు దూరం వాగుకు పోతున్నారని, ప్రభువులవారు దయతలచాలని రాసినాను. ఆ వాక్యం బాగా కుదిరిందని రెండుసార్లు పైకి చదువుకున్నాను.

అప్పటికి నా భార్య ఇంట్లో లేదు. కడవ తీసుకుని వాగుకు పోయింది. నాకు చెప్పలేదు. చెప్పి ఉన్నా నేనేమనేవాణ్ణో నాకు తెలియదు.

చెలమ దగ్గర వంగి తోడుతుండగా ఆమెకు నొప్పులొచ్చినాయి. నీళ్లకొచ్చిన ఆడవాళ్లంతా మా పల్లెవాళ్లే. రెండు వారాలుగా మాకు కడవ పెట్టనివాళ్లే. చీరలు అడ్డం కట్టి, తోడుకున్న కడవలన్నీ ఆమె కోసం కుమ్మరించినారు. పెద్దయ్య భార్య బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. ఆడపిల్ల. నా భార్యనూ బిడ్డనూ మంచం మీద మోసుకొచ్చేసరికి నేను అర్జీ కింద సంతకం పెడుతున్నాను.

బిడ్డ మధ్యాహ్నందాకా ఊపిరి తీసింది. అంతే.

ఆ సాయంత్రం పెద్దయ్య మా గుమ్మంలోకి వచ్చినాడు. క్షమించమని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. చెయ్యి చాపి, "తాళంచెవి ఇవ్వయ్యా" అన్నాడు. ఇచ్చినాను. ఆ చిన్న మూటను గదిలో బల్ల మీద పెట్టినారు. నేను ప్రార్థన చేయాలి. ముసలాయనే మోకరించి ప్రార్థన చేసినాడు. ఆయనకు చదువు రాదు. "ప్రభువా, మేము మాట పట్టుకుని కొట్లాడుకుంటిమి. నీ బిడ్డ మా మధ్యనుంచి పోయింది. మాకేం చెప్పాలో తెలియడం లేదు" అన్నాడు. అంతకంటే ఎవరేం చెప్పగలరు?

మరునాటినుంచి అరుగు మీద మళ్లీ కడవ ఉండేది. కొన్ని దినాలు నా భార్య ఆ నీళ్లు ముట్టుకోలేదు.

కొన్నాళ్లకు సర్కారు తాలూకా బోర్డుల్నే ఎత్తివేసింది. మా కాగితం కర్నూలు పోయిందన్నారు. అక్కడినుంచి రెండు వరసల జవాబు వచ్చింది, పాత బోర్డు అప్పులు తేలేదాకా కొత్త పనులు చేపట్టబోమని. ఆ తర్వాత ఎన్నికల్లో బావాబామ్మర్దులిద్దరూ ఒకే పక్షంలో చేరి, ఒకే బండిలో మా ఊరికి వచ్చినారు. బోర్డును అప్పులపాలు చేసిన దుర్మార్గుల్ని ఓడించండని ఇద్దరూ అడిగినారు. ఆ దుర్మార్గులెవరని పల్లెలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

నా భార్య బతికే ఉంది. మాకు మళ్లీ బిడ్డలు కలగలేదు. గుడికి వస్తుంది, కూర్చుంటుంది, పాడదు. కంభంలో ఆమె పాట వినే నేను ఆమెను పెళ్లికి అడిగినాను. ఇన్నేళ్లలో ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఎన్నిసార్లో కోరుకున్నాను. దేవుడు నన్ను క్షమించినాడని వాక్యం తెలిసినవాడిగా నమ్ముతున్నాను. నమ్మిన తర్వాత కూడా తెల్లారేసరికి గుండె మీద రాయి అట్లనే ఉంటుంది.

ఈ యేడు మళ్లీ వానల్లేవు. వాగులో చెలమలు నడుం లోతుకు పోయినాయి. కొత్త పక్షాలు, కొత్త జెండాలు, డబ్బు లేదని ఒకరు, ఉన్నదంతా మీరే తిన్నారని ఒకరు. పల్లెలో పెద్దయ్య మనవరాలికి ఏడో నెల నడుస్తోంది. నేను ముసలివాణ్ణి, రెండు కడవలు మోయలేను, ఒక్కటి మోస్తున్నాను.

చదివే అన్నల్లారా, అక్కల్లారా, మీరు ఏ ఊళ్లో ఉన్నా, ఏ పక్షానికి చెయ్యెత్తేవాళ్లైనా, ఈ కాగితం పక్కన పెట్టి ఒక్క నిమిషం నాతోపాటు మోకరించండి. పెద్దయ్య మనవరాలి కడుపు చల్లగా నిలవాలని అడగండి. పెద్దకుర్చీల్లో కూర్చున్నవాళ్ల మనసు మెత్తబడాలని అడగండి. నా ఇంట్లో ఆగిపోయిన పాట కోసం కూడా అడగండి. నేనొక్కణ్ణే అడిగి అడిగి అలిసిపోయినాను. ఆమేన్.