రిబ్బన్ కోయని భవనం ముందు పిడుగుల వాన

ఇది జింకల గురించి రాయాల్సిన పోస్టు. నేను అనంతపురంలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. పదహారేళ్లుగా కృష్ణజింక గురించి పాఠం చెబుతున్నా, మా జిల్లాలోనే తిరిగే ఆ జంతువును కళ్లారా చూసింది లేదు. ఈసారి ఒక అమ్మాయి లేచి "మేడం, మీరు చూసినారా?" అని అడిగేసింది. క్లాసంతా నవ్వింది. ఎండాకాలం సెలవులివ్వగానే విడపనకల్లు బయలుదేరాను. తిరిగి వచ్చి రెండు నెలలైంది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. అది తగ్గే రకంగా లేదు, అందుకే రాసేస్తున్నాను.

పొద్దున ఐదుకు అనంతపురం బస్టాండులో ఉరవకొండ బస్సెక్కితే గంటన్నరలోపు దిగవచ్చు. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే టికెట్ లేదు. ఉరవకొండలో ఒక బండి దగ్గర ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను, నలభై రూపాయలు. బండి ఆమె నా టోపీ, మెడలో దుర్భిణి చూసి ఎక్కడికని ఆరా తీసింది. దుడ్లు ఖర్చు పెట్టుకుని జింకలను చూడబోతున్నానంటే నమ్మలేదు. తమ చేలో కంది మేసి పోయేవాటిని ఊరికే తోలుకుపొమ్మంది. అక్కడి నుంచి విడపనకల్లుకు మరో అరగంట బస్సు. దిగగానే బాషా అనే ఆయన ఆటో మాట్లాడుకున్నాను. సాయంత్రం దాకా తిప్పడానికి వెయ్యి రూపాయలు. నలభై ఏళ్ల మనిషి, మాట తక్కువ, ఏ బీడులో ఏ పూట జింకలుంటాయో ఇంట్లో గిన్నెలున్న చోటు చెప్పినట్టు చెప్పేవాడు.

ఎనిమిదిన్నరకు ఖాళీ శనగచేలల్లో మొదటి మంద కనిపించింది. ఇరవైకి పైనే ఉంటాయి. మెలితిరిగిన కొమ్ములతో ఒక నల్లటి పోతు తల పైకెత్తి మావైపు చూసి, ఇక మేం లెక్కలోకి రామన్నట్టు మళ్లీ మేతకు వంగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మధ్యాహ్నం బాషా వాళ్లింట్లో అన్నం తిని, ఎండ తగ్గాక మళ్లీ వెళ్లాం. నాలుగున్నరకు ఆయన బళ్లారి దిక్కుకు చూపిస్తూ, మోడం కమ్ముకుంటోందని, ఇది నల్లరేగడి కాబట్టి నాలుగు చినుకులు పడ్డా చక్రం తిరగదని చెప్పాడు. ఇంకొక్క అరగంట అన్నాను. ఆ అరగంట నా ఆశే, ఎవరి మీదకీ నెట్టను.

ఐదు కాగానే మొదట దుమ్ము వచ్చింది. పగలే చీకటి పడింది. గాలికి ఆటో ఒరిగిపోతుంటే బాషా కిందికి దిగి పట్టుకుని నిలబడ్డాడు. పది నిమిషాల వానకే చక్రాలకు, మడ్‌గార్డుకు మధ్య మట్టి ముద్దలై పట్టేసింది. ఆటోను వదిలేసి నడిచాం. చెప్పులకు చెరో రెండు కిలోల బురద. దగ్గర్లోని ఊరు వంకకు అవతల ఉంది, వంక అప్పుడే ఎర్రగా పొర్లుతోంది. వంకకు ఇవతల, ఊరికి దూరంగా, కొత్త రంగుతో మెరుస్తూ ఒకే ఒక పెద్ద భవనం కనిపించింది. బతికిపోయాం అనుకున్నాను.

తలుపుకు బీగం వేసి ఉంది. బీగమంటే మావైపు తాళం. తలుపు మీద రెండడుగుల సజ్జ. దాని కింద అప్పటికే ముగ్గురున్నారు. గొర్రెలు మేపుకునే వన్నూరప్ప, ఆయన భార్య సుంకమ్మ, ఆ భవనానికి కాపలా ఉండే లింగన్న. సజ్జకు అవతల వన్నూరప్ప మంద, ఒకదాని కడుపు కింద ఒకటి తలలు దూర్చుకుని తడుస్తోంది. రేగుకాయలంత వడగండ్లు మొదలయ్యాయి. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగాను. తన దగ్గరే ఉందన్నాడు లింగన్న, నడుముకు కట్టుకున్న మొలతాడు తడుముకుంటూ.

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. నెత్తి మీద పిడుగులు. మనిషి వణుకుతున్నాడు. చెవి మొలతాడుకే ఉంది. తలుపు వీపుకు ఆనుకుని ఉంది. మరి తియ్యవేమయ్యా అన్నాను.

"ఇంగా ఓపెనింగ్ కాలేదు మేడం" అన్నాడు. "పెద్దోళ్లు రిబ్బన్ కోయకుండా నేను తీస్తే నా కడుపు మీద కొడతారు."

కథ మెల్లగా బయటికొచ్చింది. ఊళ్లో రెండు వర్గాలు. ఒకరి హయాంలో ఈ కమ్యూనిటీ హాలు కట్టారు, పూర్తయ్యేసరికి ఇంకొకరు గెలిచారు. గోడలో నాటిన శిలాఫలకం మీద ఎవరి పేరు పైన ఉండాలో రెండేళ్లుగా తేలలేదు. నడుమ ఎవరిదో దినానికి భోజనాలు పెట్టుకుంటామంటే లింగన్న తెరవబోయాడట. ఇంకో వర్గం వాళ్లు వచ్చి చెంప పగలగొట్టారు. అప్పటి నుంచి వానొచ్చినా, ఎండ కాసినా బయటే. ఆ మాట విన్నాక అతన్ని తిట్టబుద్ధి కాలేదు, తిట్టకుండా ఉండబుద్ధీ కాలేదు. కనీసం ఆ ఆలుమగలనైనా లోపలికి పంపమన్నాను. అతను మొలతాడును చొక్కా కిందికి దోపుకున్నాడు.

అప్పుడే నా ఫోన్ కుయ్యోమని మోగింది. హెచ్చరిక సందేశం. మీ పరిసరాల్లో పిడుగులు పడే ప్రమాదం ఉంది, చెట్ల కింద నిలబడకండి, సురక్షితమైన భవనంలోకి వెళ్లండి అని. అదే సమయానికి మంద బెదిరి చెల్లాచెదురవుతోంది. దాన్ని మళ్లించి కాస్త దూరంలో ఉన్న తుమ్మచెట్టు కిందికి చేర్చడానికి వన్నూరప్ప గోనెసంచి నెత్తికి కప్పుకుని కదిలాడు. నేను ఆ సందేశం గట్టిగా చదివి, వెళ్లొద్దన్నాను. ఆయన వెనక్కి తిరిగి నవ్వాడు.

"చెట్టు కింద వద్దని చెప్పిందే, యాడ నిలబడాలో చెప్పిందా తల్లీ నీ ఫోను?"

చెప్పింది. భవనంలో నిలబడమంది. నేను లింగన్న వైపు చూశాను. లింగన్న గోడ వైపు చూశాడు. నేనూ ఇంకేమీ అనలేదు. ఈ ముక్క రాయడానికే రెండు నెలలు పట్టింది. పదహారేళ్లుగా వందమంది పిల్లల్ని ఒక్క అరుపుతో కూర్చోబెట్టేదాన్ని, ఆ పూట మర్యాదగా అడిగి ఊరుకున్నాను.

ఏడు దాటిందేమో. కళ్ల ముందంతా తెల్లబడింది. చప్పుడు చెవులతో కాదు, ఛాతీతో విన్నాను. చూపు కుదిరేసరికి తుమ్మచెట్టు నిలువునా చీలి ఉంది, దాని కింద గొర్రెలు పడి ఉన్నాయి, వాటి మధ్య వన్నూరప్ప. సుంకమ్మ పరుగెత్తింది. వెనకే మేమూ. ఊపిరి ఉంది, స్పృహ లేదు. ఒళ్లు మంచులా ఉంది. నలుగురం మోసుకొచ్చాం. లింగన్న ఈసారి ఎవరూ అడగకుండానే చెవి తీసి బీగంలో పెట్టాడు. తిరగలేదు. రెండేళ్ల తుప్పు. అతను ఏడుస్తూ తిప్పుతూనే ఉన్నాడు. పగలగొట్టమని బాషాతో అన్నాను. ఆయన బండరాయి తెచ్చి మూడు దెబ్బలు వేశాడు. నాలుగోది నేను వేశాను.

లోపల ప్లాస్టిక్ కవర్లు విప్పని కుర్చీలు గోడకు దొంతర్లుగా ఉన్నాయి. కరెంటు లేదు కానీ నేల పొడిగా ఉంది. నాకు కావలసింది అంతే. ఎవరిదో ఫోటో ఉన్న బట్ట బ్యానర్ చుట్టగా కనిపిస్తే విప్పి ఆయనకు కప్పాం. ఆ ఫోటో ఒక మనిషికి ఆసరా అవడం బహుశా అదే మొదటిసారి. అంబులెన్సుకు ఫోన్ చేస్తే వంక తగ్గేదాకా రాలేమన్నారు. సుంకమ్మ రాత్రంతా భర్త అరికాళ్లు రుద్దుతూ కూర్చుంది. తెల్లవారి ట్రాక్టర్‌లో గుంతకల్లు ఆసుపత్రికి చేర్చాం. వన్నూరప్ప బతికాడు. ఎడమ చెవి వినిపించదు, కుడిచేతి పట్టు పోయింది. మందలో తొమ్మిది జీవాలు పోయాయి.

నాలుగో రోజు బాషా ఫోన్ చేశాడు. ప్రభుత్వ భవనం బీగం పగలగొట్టాడని ఆయన మీద కేసు. ఫిర్యాదు మీద రెండు వర్గాల పెద్దల సంతకాలూ ఉన్నాయి. శిలాఫలకం మీద రెండేళ్లుగా కుదరని వాళ్లు పరాయి ఊరి ఆటోవాడి మీద రెండు రోజుల్లో కుదిరారు. వన్నూరప్ప గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. నేను స్టేషన్‌కు వెళ్లి, పగలగొట్టమన్నది నేను, చివరి దెబ్బ కొట్టింది నేను, నా పేరు రాసుకోండి అన్నాను. అక్కడున్నాయన కుర్చీ చూపించి, నచ్చజెప్పాడు.

"మీకెందుకు మేడం ఈ తలనొప్పి. ఆటోవాడు జరిమానా కట్టి పోతాడులే."

మా బాషాకు దక్కని కుర్చీలో నేను కూర్చోలేదు. నిలబడే రాసిచ్చాను. నా వెనకాల లింగన్న వచ్చాడు. ఎవరూ పిలవలేదు. చెవి పెట్టి తీయబోయింది తానేనని, అది తిరగకపోతేనే పగలగొట్టారని చెప్పి వేలిముద్ర వేశాడు. అతని ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది.

వానకు మొహం వాచిన నేల మాది. నాలుగు చినుకులకు కప్పల పెళ్లిళ్లు చేస్తాం, మోడం చూసి మొక్కుకుంటాం. పిడుగును తిట్టి ఏం లాభం, దానికి ఊరూ పేరూ తెలియవు. నా కోపమంతా పేరు తెలిసిన వాళ్ల మీదే, రాయి కోసం వెతకకుండా తాళంచెవి అడుగుతూ గంటన్నర నిలబడిన నా మీద కూడా. ఇక వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే. నల్లరేగడిలో ఉండగా మోడం కమ్మితే దగ్గర్లోని కప్పు కిందికి చేరండి, దానికి బీగం ఉంటే పగలగొట్టండి. కేసు పెడితే నాకు చెప్పండి, సాక్ష్యానికి వస్తాను. ఎలాగూ బాషాతో కలిసి వాయిదాలకు వెళ్తూనే ఉన్నాను.