జల్లించిన మట్టి, జిగురు నేల

అందరూ ఎలా ఉన్నారు? వాటర్‌ఫోర్డ్‌లో ఉన్న మా సుశీల వదినా, మోకాలి వాపు దిగిందా? మన తెలుగువాళ్ళ గ్రూపులో కొత్తగా చేరిన పిల్లలూ, ఈ చలికి దగ్గులేమీ పట్టుకోలేదు కదా? ఇక్కడ బాలింకాలిగ్‌లో మా అల్లుడికి బీపీ, అమ్మాయికి నడుం నొప్పి... నాకు అందరి బెంగే.

మా చిన్నప్పుడు... ఊళ్ళో కుస్తీలు నేర్పే తాలింఖానాలో గోదా మా నాన్నే చూసుకునేవాడు. కుస్తీలు పట్టే ఆ మట్టిని నేను జల్లించేదాన్ని. చిన్న రాయి కనిపించినా మళ్ళీ జల్లించమనేవాడు. పసుపు, మజ్జిగ, వేపాకు పొడి కలిపి తొక్కేవాడు. చెప్పులతో అడుగు పెడితే పహిల్వాన్‌నైనా కసిరేవాడు. ఆ మట్టి వాసన ఎంత కమ్మగా ఉండేదో...

కుస్తీల రోజున మాత్రం "ఆడపిల్లవి, నీకేం పని? ఇంటికి పో" అనేవాడు. జల్లెడ చంకన పెట్టుకుని వచ్చేసేదాన్ని. ఒక్క పట్టూ చూడలేదు.

మొన్న మనవరాలి జూడో పోటీ అని డబ్లిన్‌లో పేరున్న పెద్ద ఇండోర్ స్టేడియానికి తీసుకెళ్ళారు. ముందు రోజు అక్కడే పాటల కచేరీ అయిందట. చీ చీ... తలుచుకుంటే అన్నం సహించదు. ఒలికిన బీరు ఎండిపోయి, అడుగు తీస్తే చర్రుమని ఊడుతోంది. కుర్చీల కింద నమిలి ఊసిన బబుల్‌గమ్, ఎవరిదో జుట్టు... బాత్‌రూమ్ సంగతి రాయను. మనవరాలేమో స్లిప్పర్లు కారులో మరిచిపోయి ఆ రొచ్చులోనే ఉత్త కాళ్ళతో నడుస్తోంది!

"పుండ్లు పడతాయే తల్లీ, ఇంటికి పోదాం రా" అన్నాను.

"అమ్మమ్మా, ఇట్స్ గ్రాండ్, ఏం కాదు! నువ్వు జస్ట్ నన్ను చూడు. ప్లీజ్!"

దానికిదే మొదటి పోటీ. నేను చూడాలని వారం నుంచీ ప్రాణం తీస్తోంది.

నా మనసు ఊరుకుంటేగా... బ్యాగులోంచి తడి టిష్యూలు తీసి, అది మ్యాట్ దిగే చోట మోకాళ్ళ మీద కూర్చుని తుడవడం మొదలుపెట్టాను. టిష్యూ నల్లగా, జిడ్డుగా అయింది. ఇంకోటి తీశాను. చప్పట్లు వినిపించి తలెత్తేసరికి ఆట అయిపోయింది. పిల్ల గెలిచింది.

పరుగెత్తుకుంటూ వచ్చింది. "చూశావా అమ్మమ్మా?"

"నేల తుడుస్తున్నానే..."

"యూ మిస్డ్ ఇట్?"

ఇంటికొచ్చేదాకా రెండున్నర గంటలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆ నేల కన్నా నా మీదే నాకు ఎక్కువ రోత పుట్టింది. అప్పుడు మట్టి శుభ్రం, చూసే రాత లేదు. ఇప్పుడు ముందు వరసలో కుర్చీ వేసి చూడవే అంటే... నేల చూసుకుంటూ కూర్చున్నాను.

మీ ఊళ్ళో గోదా ఉండేదా? ఆడపిల్లల్ని చూడనిచ్చేవారా? రాయండి.

వదినా, మళ్ళీ అక్కడే పోటీ ఉంది, నువ్వూ రా. నేల సంగతి నువ్వు చూడు... నేను పిల్లని చూస్తాను. వచ్చే నెల పద్నాలుగు, ఆదివారం.