కల్లంలో సుభద్ర గారి ఆఖరి షాట్

బస్సు మార్టూరు దాటి, తెల్లని రాతిపొడి పట్టిన దుకాణాలను వెనక్కి నెట్టి చిలకలూరిపేట వైపు సాగుతుండగా మిరప ఘాటు ఒక్కసారిగా లోపలికి వచ్చింది. ముందు సీటులోని పెద్దాయన వరుసగా నాలుగుసార్లు తుమ్మాడు. కండక్టరు తువ్వాలు ముక్కుకు చుట్టుకున్నాడు. నేను గడియారం చూసుకున్నాను. ఉదయం ఎనిమిదీ పది. దేనికైనా వేళ రాసిపెట్టుకోవడం నాకు చిన్ననాటి అలవాటు. ఆ అలవాటును ఒక వృత్తిగా మార్చిన మనిషి సుభద్ర గారు. ఈ ఘాటు సోకిన ప్రతిసారీ ఆవిడే గుర్తుకు వస్తారు.

ఆవిడ సినిమా దర్శకురాలు. చీరాలలో మగ్గం నేసే ఇంట పుట్టి, హైదరాబాదులో తొమ్మిదేళ్ళు సహాయకురాలిగా పనిచేసి, ఆ తరువాత టీవీ సీరియళ్ళు తీశారు. తీసిన రెండు సినిమాలలో మొదటిది వారం ఆడింది, రెండవది నాలుగు రోజులు. ఆ మాట ఆవిడే నవ్వుతూ చెప్పేవారు. నేను ఆవిడ దగ్గర చేరేనాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఉద్యోగం అడగడానికి వెళితే, నా చదువు సంగతి వదిలేసి చేతిలోని డైరీ వైపు చూశారు.

"రోజూ రాస్తావా?"

"రాస్తానండి."

"పోయిన గురువారం ఏం కూర తిన్నావు?"

పేజీ తిప్పి, "దొండకాయ వేపుడండి. మాడింది," అన్నాను.

ఆవిడ పడీపడీ నవ్వారు. "మీ నాన్నగారు ఏం చేస్తారమ్మాయ్?" అని అడిగారు. మిరప వేస్తారని చెప్పాను. "అయితే నా మూడో సినిమాకి నువ్వే కావాలి," అన్నారు.

నాకు అప్పగించిన పని షాటుకూ షాటుకూ పొత్తు చూడడం. ఒక ఘట్టాన్ని ముక్కలుగా, వేర్వేరు రోజులలో తీస్తారు. తెర మీద అది ఒకే పూట జరిగినట్టు కనబడాలి. అందుకని గాజులెన్ని, కొంగు ఏ భుజాన ఉంది, నీడ ఎటు పడింది, అన్నీ పట్టికలో రాయాలి. నేను రాసేదాన్ని. ఆవిడ సీరియళ్ళకు పనిచేసిన ఆరేళ్ళలో ఒక్క గాజు కూడా తప్పలేదు.

ఆ మూడో సినిమా మిరప కల్లంలో కూలి చేసే ఒక తల్లి కథ. నిర్మాతలు దొరకక ఆవిడ దానిని ఆరేళ్ళు మోశారు. సినిమాకు ప్రాణం ఒకే ఘట్టం. కల్లంలో కూర్చుని, మంచి కాయల్లోంచి మచ్చకాయలు ఏరుతూ, తండ్రి ఇక లేడని తల్లి కూతురికి చెబుతుంది. కూతురి వైపు షాట్లు తీసిన మరునాడే తల్లి పాత్ర వేసే నటికి జ్వరం పట్టుకుంది. తల్లి వైపు షాట్లు తొమ్మిది రోజుల తరువాత గానీ తీయలేకపోయాం. అదే కల్లం, అదే రాశి, అదే చీర. నా పట్టికలోని గడులన్నీ సరిపోయాయి.

ఎడిటింగ్ గదిలో, ఎండాకాలం నడుమ, ఆవిడ నన్ను పిలిచారు. "ఈ కాయ చూడు. ఇప్పుడు ఆ కాయ చూడు."

కూతురి చేతిలోవి అప్పుడే చెట్టు నుంచి దిగిన పండుకాయలు. బిగువుగా, మెరుస్తూ ఉన్నాయి. తల్లి చేతిలోవి ఎండి, ముడతలు పడి, నల్లెరుపుకు తిరిగినవి. ఒకే మాటకూ దాని జవాబుకూ నడుమ తొమ్మిది రోజుల ఎండ కాసింది. మిరప రైతు కూతుర్ని. అయిదేళ్ళ వయసులో నాన్న పక్కన కూర్చుని, కాయను చెవి దగ్గర ఆడించి లోపలి గింజల గలగలను బట్టి ఎన్నాళ్ళు ఎండిందో చెప్పినదాన్ని. నేలంతా పరుచుకుని ఉన్నదానిని చూడకుండా గాజులు లెక్కపెట్టాను.

నిర్మాత తేలికగా తీసిపారేశాడు. "ఎవరు చూస్తారు మేడమ్! జనం మొహం చూస్తారు గానీ మిరపకాయ చూస్తారా?"

"కల్లంలో కూర్చునే ఆడవాళ్ళు చూస్తారండి. మన సినిమా వాళ్ళదే కదా. ఒక పోగు తప్పితే మా నాన్న జానెడు బట్ట విప్పి మళ్ళీ నేసేవాడు. వచ్చే మొదటి కోతకి తల్లి వైపు మళ్ళీ తీద్దాం. పొరపాటు నాది."

బయటకు వచ్చాక, "తప్పు నాదండి, మీరెందుకు మీద వేసుకున్నారు?" అన్నాను.

"పట్టిక గీసి ఇచ్చింది నేనే కదే. కాయకి గడి పెట్టలేదు," అన్నారు. తిట్టి ఉంటే నాకు కొంత సులువుగా ఉండేది.

మొదటి కోత రావడానికి ముందే ఆవిడకు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు బయటపడింది. దుమ్ము, ఘాటు దగ్గరకు రానీయవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అయినా ఫిబ్రవరిలో వచ్చారు. కల్లానికి ఎనభై అడుగుల దూరాన, డొంక దారి మీద కారు ఆపించి, అద్దాలన్నీ బిగించి, పక్కన ఆక్సిజన్ సిలిండరుతో, ఒడిలో చిన్న మానిటరుతో కూర్చున్నారు. పక్క కల్లంలో ఎండుకాయలను టిక్కీలనే గోనె సంచులలోకి తొక్కుతున్నారు. గాలి నిండా ఘాటు. నేను ఫోను చెవిన పెట్టుకుని కెమెరా పక్కన నిలబడ్డాను.

మొదటి టేకు అయింది. ఫోనులో ఆవిడ అడిగారు, "భారతీ, ఆ కన్నీళ్ళు ఏడుపువా, ఘాటువా?"

"ఘాటువే మేడమ్."

"నాకిక్కడ తెలిసి చావడం లేదు. నువ్వే చెప్పాలి. కట్ కూడా నువ్వే చెప్పు."

రెండో టేకూ ఘాటే. మూడో టేకులో ఆ తల్లి మాట చెప్పింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఏరుతున్న చెయ్యి ఆగింది. మళ్ళీ ఒక కాయ తీసింది. మంచి కాయను మచ్చకాయల్లో వేసి, చెయ్యి అక్కడే ఉంచేసింది. ఎవరూ నేర్పని పని అది. సరిగ్గా అప్పుడు నా కంటి చివర కారు అద్దం కిందికి దిగింది. ఆవిడ ముక్కు గొట్టం తీసేసి, తల బయటపెట్టి, తన చెవులతో వినడానికి ముందుకు వంగారు. డ్రైవరు రెండు చేతులూ ఎత్తి నాకు సైగ చేస్తున్నాడు.

కట్ అంటే చాలు, అద్దం పైకి లేచేది. నేను అనలేదు. ఆ తల్లి చెయ్యి మళ్ళీ కదిలేదాకా ఆగాను. తరువాత కట్ అన్నాను. ఫోనులో దగ్గు వినిపించింది, చాలాసేపు వినిపించింది. దగ్గు నడుమ ఒకే మాట: "వచ్చిందే."

ఆ షాటు తీసిన పంతొమ్మిదో రోజున ఆవిడ పోయారు. రెండు వైపులనూ కలిపిన ఘట్టాన్ని అప్పటికి ఇంకా చూడలేదు. జబ్బు ముదిరింది, అంతేనన్నాడు డాక్టరు. ఆవిడ చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, "ఆ రోజు అక్కకేమైనా అయిందా అమ్మా అక్కడ?" అని అడిగితే, "ఏమీ లేదండి, కార్లోనే ఉన్నారు," అన్నాను.

ఆనాటి పేజీలో లెన్సు ఉంది, వేళ ఉంది, టేకుల లెక్క ఉంది, కాయ మొదటి కోతది అన్న మాట ఉంది. అద్దం సంగతి లేదు. కట్ చెప్పి ఉంటే ఆవిడ జన్మలో క్షమించేవారు కాదని నాకు తెలుసు. చెప్పనందుకు నన్ను నేను క్షమించుకోలేదనీ తెలుసు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎన్నిసార్లు చూసినా పొత్తు కుదరలేదు. ఈ రాత్రి పాత డైరీ తీసి, ఆ పేజీ అంచున రాయబోతున్నాను: మూడో టేకు, అద్దం తెరిచి ఉన్నది నలభై ఒక్క సెకన్లు, చూస్తూ ఉన్నది నేను.