తడి ఆరని గీత

కొండాపూర్‌లో మా అమ్మాయి పనిచేసే ఆఫీసు ముందు రాతి మెట్లున్నాయి. పొద్దున్నే వాటిని కడుగుతారు. మొన్న ఆమె కోసం అక్కడ నిలబడితే తడిసిన రాయి వాసన ముక్కుకు తగిలింది, దానితో పాటే యాభై ఏళ్ల నాటి అసూయ కూడా లేచింది. అసూయపడ్డామని తమ గురించి ఎవరూ రాసుకోరు. జనం నమ్మకాలకు సాక్ష్యం అడుగుతూ, వ్యాసాలు రాస్తూ బతికినవాణ్ణి కనుక నామీద సాక్ష్యం నేనే చెప్పాలి.

డెబ్బైల మొదట్లో కొత్తగూడ దాటాక ఒక రాతి క్వారీలో సూపర్‌వైజరుగా చేరాను. గుంటూరు నుంచి డిప్లొమాతో పాటు, కాలేజీ చర్చల్లో రాళ్లకు మొక్కేవాళ్లను చీల్చి చెండాడిన గర్వమూ తెచ్చుకున్నాను. అక్కడి పనివాళ్లలో పెద్దవాడు మల్లయ్య. బండను ఎక్కడ చీల్చాలో జాజు అనే ఎర్రమట్టితో గీత పెట్టేది ఆయనే. మిగతావాళ్లు ఆ గీత వెంట ఇనుప చీలలు దిగగొట్టేవారు. గీత పెట్టేముందు ఆయన బండ మీద చెంబెడు నీళ్లు పోసి, పక్కన కూర్చుని బీడీ కాల్చేవాడు. అది నాకు అభిషేకంలా కనిపించి ఒళ్లు మండేది.

“రాయికి స్నానం చేయిస్తే మెత్తబడుతుందా మల్లయ్యా?”

“మెత్తవడది సారూ. ఏడ దెబ్బ ఉన్నదో చెప్తది.”

నవ్వి వదిలేశాను. ఎందుకని ఒక్క ప్రశ్న అడగలేదు. ప్రశ్నే నా మతమని చెప్పుకునేవాణ్ణి.

రాతి దుమ్ముకు ఆయన కళ్లు మసకబారాయి. ఎండలు తగ్గేలోగా పని మానేస్తానన్నాడు. “ఆయన వెళ్లేలోగా తెలిసిందంతా రాసిపెట్టండి” అని మేనేజరు నాకో నోటుబుక్కు ఇచ్చాడు. ముప్పై ఏళ్ల అనుభవం నా చేతిరాతలోకి వస్తుంది, ఇక క్వారీ నా మీదే నడుస్తుంది అనుకున్నాను.

“నీళ్లు పోశాక ఎంతసేపు ఆగాలి?”

“బీడీ అయ్యేదాంక.”

“బీడీ ఎంతసేపు కాలుతుంది?”

“గాలిని బట్టి సారూ.”

“గాలి లేకపోతే?”

“ఇంకో బీడీ ముట్టిస్త.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా నోటుబుక్కులో ఆ పేజీ ఖాళీగా ఉండిపోయింది.

ఆ పేజీ నిండింది బాలమ్మ వల్ల. గుట్ట పైకి నీళ్లు మోసే మనిషి ఆమె. చదువు లేదు. ఒకరోజు మల్లయ్య ఆమెను బండ దగ్గర కూర్చోబెట్టడం చూశాను.

“ఏం కనవడ్తంది బిడ్డా?”

“అంత ఆరింది మామా. ఈడ మాత్రం సన్నగ నల్లగ ఉన్నది.”

“గదే. లోపటి పగులు నీళ్లు తాగింది, జల్ది ఆరది. దాన్ని తప్పిచ్చి గీత పెట్టు.”

నేను అభిషేకం అనుకున్నది అచ్చమైన పరీక్ష. దాన్ని చూసి సంతోషించాల్సింది నేను. కానీ ఆయన ఆమె వేలు పట్టుకుని రాతి మీద నడిపిస్తుంటే ఓర్వలేకపోయాను. నా వేలు ఏనాడూ పట్టుకోలేదు.

“నాకెందుకు చెప్పలేదు?” అని నిలదీశాను.

“నువ్వు అడిగినవాటికి చెప్పిన సారూ. ఆమె రాయిని అడుగుతది.” నా నోటుబుక్కు చూపించి, “నా ఎనుక గీత పని బాలమ్మకియ్యాలని నీ బుక్కుల రాయి” అన్నాడు. సరేనన్నాను. తడి సంగతి రాసుకున్నాను, ఆమె పేరు రాయలేదు.

ఆయన వెళ్లిపోయే వారంలో ఒక పొడవాటి బండకు బాలమ్మ గీత పెట్టింది. నా టేపు ప్రకారం ఆ గీత వల్ల జానెడు రాయి వృథా. చెరిపేసి నా గీత పెట్టాను.

“సార్, ఆడ తడి ఆగింది” అంది బాలమ్మ.

“ఆమె గీత ఉండని సారూ” అన్నాడు మల్లయ్య.

కొలత ముఖ్యమన్నాను. కొలత కాదని నాకు తెలుసు. చీలల మీద సమ్మెటలు పడ్డాయి. బండ నా గీతను వదిలేసి అడ్డంగా మూడు ముక్కలైంది.

మేనేజరు వచ్చి గీత ఎవరు పెట్టారని అడిగాడు. బాలమ్మ నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోగా మల్లయ్య, “నేనే. కండ్లు కనవడ్తలేవు” అన్నాడు. తెరవబోయిన నోరు మూసుకున్నాను. రేపటి నుంచి రావద్దన్నాడు మేనేజరు. ముప్పై ఏళ్లలో ఆయన గీత తప్పిందని ఎవరూ అనలేదు. ఆ పేరు నా కళ్ల ముందే పోయింది.

మల్లయ్య చెంబును బాలమ్మ చేతికిచ్చి నా దగ్గరకొచ్చాడు. “ఇగనన్న రాస్తవా సారూ, ఆమె పేరు?”

ఆ సాయంత్రమే రాశాను. బాలమ్మ గీత సరైనదని, దాన్ని చెరిపి తప్పు గీత పెట్టింది నేనని, తన తరువాత ఆమెకే ఆ పని ఇవ్వమని మల్లయ్య కోరాడని. మర్నాడు మేనేజరు చదివి నన్ను గోదాముకు మార్చాడు. జాజు డబ్బా బాలమ్మకు వెళ్లింది. హఫీజ్‌పేట్‌లో మల్లయ్య ఇల్లు వెతుక్కుని వెళ్లి చెప్పాను. “మంచిగైంది” అని, “చాయ్ తాగి పో” అన్నాడు. తన పేరు సంగతి ఎత్తలేదు.

నాటి నుంచి ఎవరి ఆచారాన్ని విమర్శించబోయినా, ముందు అది ఎందుకు చేస్తున్నారని అడిగి, జవాబు విన్నాకే కలం పట్టాను. అసూయ మాత్రం పోలేదు. మొన్న ఆ మెట్లు ఆరేదాకా కదల్లేదు. “జర జరుగుండ్రి పెద్దాయనా” అన్నాడు కాపలా అతను. మూడో మెట్టు మీద సన్నటి నల్ల గీత మిగిలింది. ఎంత కళ్లు చిట్లించినా అది ఎక్కడిదాకా పోతుందో నాకు తెలియలేదు. బాలమ్మకు తెలిసేది.