తక్కిన తొమ్మిది పలకలు

మా మేడం పోయారని మొన్న గురువారం పొద్దున ల్యాబ్ అటెండర్ ఫోన్ చేశాడు. "తెల్లారి ఆరింటికి పోయినారమ్మా. ఈడ యూనివర్సిటీకి వస్తావా, నేరుగా వాళ్ళ ఊరికి పోతావా?" అన్నాడు. తిరుపతిలో బస్సెక్కి నేరుగా వడమాలపేటకే వెళ్ళాను.

ఆవిడ దగ్గర నేను ఆరేళ్ళకు పైగా పరిశోధన చేశాను. మా పని పెరోవ్‌స్కైట్ అనే పదార్థంతో. సీసం కలిసిన ద్రావణాన్ని గిర్రున తిరిగే గాజుపలక మీద ఒక చుక్క వేసి, తర్వాత వేడి చేస్తే నల్లటి పలుచని పొర ఏర్పడుతుంది. దానిమీద వెలుతురు పడితే కరెంటు పుడుతుంది. సోలార్ పలకలకూ, వెలుతురును పసిగట్టే సెన్సర్లకూ పనికొస్తుంది. అయితే తేమ దానికి అస్సలు పడదు. కాస్త తగిలినా నలుపు పోయి పసుపుపచ్చగా మారుతుంది.

మేడం ల్యాబులోకి రాగానే ముందు గోడమీది తేమ మీటరు చూసేవారు. ఆ తర్వాతే మనుషుల్ని చూసి, "తిన్యారా?" అని అడిగేవారు. గాజుసామాను కడిగిన నీళ్ళను సింకులో పోయనిచ్చేవారు కాదు. ఒకసారి తొందరలో నేను పోయబోతే చెయ్యి పట్టుకున్నారు.

"ఈ సీసం నీళ్ళు యాడికి పోతాయో ఎప్పుడన్నా సూసినావా పాపా? మా నాయన చెరుకుతోటకు ఊరి కాలవ నీళ్ళే పెట్టేటోడు."

ఆ నీళ్ళు డబ్బాలో పోయించి, తేదీ రాయించి పక్కన పెట్టించారు. కోప్పడలేదు.

ఐదో ఏడాది నవంబరు వానల్లో పది పలకలు చేశాను. ఒకటి నేను ఆశించినదానికన్నా బాగా పనిచేసింది. తక్కిన తొమ్మిదీ రెండు రోజుల్లో పసుపుపచ్చబడ్డాయి. ఫెలోషిప్ గడువు ముంచుకొస్తోంది. ఆ ఒక్క పలకతోనే పేపరు రాసి ఆవిడ టేబుల్ మీద పెట్టాను.

"తక్కిన తొమ్మిది యాడ?" అన్నారు చదివి.

"పాడైపోయినాయి మేడం."

"ఆ సంగతి రాసినావా?"

"అది రాస్తే ఏ జర్నల్ వాళ్ళేసుకుంటారు మేడం?"

"వేసుకోకపోతే పోనీ. ఇంకో ఊర్లో ఇంకో పాప నీ పేపరు నమ్మి రెండేండ్లు పోగొట్టుకుంటే ఎవరు బాధ్యులు?"

కారిడార్‌లోకి వచ్చి ఏడ్చాను. వారం రోజులు ల్యాబుకు వెళ్ళలేదు. ఎనిమిదో రోజు మేడం వానలోనే స్కూటర్ మీద హాస్టల్‌కు వచ్చారు. "కోపముంటే ఉండనీ. పలకలు మాత్రం చేద్దాం, రా" అన్నారు.

ఆ వానాకాలమంతా నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. నేను చేసిన ప్రతి పనినీ మళ్ళీ మళ్ళీ చేయించారు. చివరికి అసలు సంగతి దొరికింది. బాగున్న ఆ ఒక్క పలకను నేను మరచిపోయి తేమ చేరని పొడిపెట్టెలోనే చల్లారనిచ్చాను. తక్కిన తొమ్మిదింటిని వేడివేడిగా బయటి టేబుల్ మీద పెట్టేశాను. పొర చల్లారేలోపే తేమ చేరిపోయింది. పద్ధతి మార్చాక పదింటిలో ఏడు నిలిచాయి. పోయిన మూడింటి సంగతీ పేపరులో రాశాం.

అది అచ్చయ్యేసరికి నా ఫెలోషిప్ అయిపోయింది. చివరి ఎనిమిది నెలలు చంద్రగిరిలో ట్యూషన్లు చెప్పుకుంటూ థీసిస్ ముగించాను. అందుకు మేడం తనను తాను సమర్థించుకోలేదు. "నీకు కష్టమైంది. నాకు తెలుసు" అన్నారు, ఒకే ఒక్కసారి. ఇవాళ నేను నా విద్యార్థులను మొదట అడిగేది పాడైన పలకల గురించే.

జబ్బుపడ్డ మేడంను చూడ్డానికి పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళాను. బాగా చిక్కిపోయి కిటికీ పక్క మంచం మీద ఉన్నారు. మేం ఈమధ్య చేసిన సెన్సరు తీసుకెళ్ళి, కరెంటు కొలిచే మీటరుకు తగిలించి ఆవిడ పక్కన పెట్టాను. పొర నల్లగానే ఉంది. ఆవిడ చెయ్యి దానికి అడ్డం పెట్టారు. అంకె పడిపోయింది. తీశారు. పెరిగింది.

"ఎన్నాళ్ళయింది చేసి?"

"పద్నాలుగు నెలలు మేడం."

వాళ్ళ చెల్లెలు పిలిస్తే టీ తేవడానికి వంటింట్లోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి కిటికీలోంచి పడుతున్న ఎండలో ఆవిడ ఆ చిన్న నల్లపలక మీద చెయ్యి మూస్తూ, తీస్తూ, అంకె కేసి చూస్తూనే ఉన్నారు.